చక్రములమీది ఇల్లు, చలికాలపు సేవ

మన కేతేపల్లి హైదరాబాదునుండి విజయవాడకు పోవు పెద్దబాటమీద, నకిరేకల్లునకును సూర్యాపేటకును నడుమ నున్నది. కొర్లపహాడు టోలుగేటువద్ద ఒక గడియసేపు నిలిచి చూచినచో దేశములోని బండ్లన్నియు మన యెదుటనే పోవుచున్నట్లు తోచును. సంక్రాంతి దినములలోనైతే చెప్పనక్కరలేదు. ఆ బండ్లలో కొందరు ఇల్లు విడిచి పోవువారు, కొందరు ఇల్లు చేరబోవువారు. అయితే తమ ఇంటినే బండిమీద నెక్కించుకొని పోవువారును ఈ లోకమున గలరని చెప్పినచో మన బాలురలో కొందరు నవ్వవచ్చును. అట్టివారిని గూర్చియు, చలికాలమున వారు బాలల గృహములలో చేయు సేవనుగూర్చియు, దానినుండి మన జిల్లాలవారు నేర్వదగినదానిని గూర్చియు ఈ వ్యాసమున వ్రాయుచున్నాము.

1. చక్రములమీది ఇల్లు ఎట్టిది

అమెరికా, కెనడా దేశములలో దీనిని ‘ఆర్. వీ.’ యని పొట్టిపేరుతో పిలుతురు. ఇది రెండు విధములు. మొదటిది, బస్సువలె తానే నడచు ఇల్లు. రెండవది, ట్రక్కు వెనుక తగిలించి లాగుకొనిపోవు ఇల్లు. రెంటిలోను పడక, భోజనపు బల్ల, గ్యాసు పొయ్యి, మంచుపెట్టె, స్నానపుగది యుండును. అడుగున మూడు తొట్లు గలవు. ఒకటి మంచినీటికి, ఒకటి స్నానమునకును గిన్నెలు కడుగుటకును వాడిన నీటికి, ఒకటి మరుగుదొడ్డి మురికికి. బండిని ఒకచోట నిలిపినప్పుడు నీటిగొట్టము, కరెంటుతీగ, మురికిగొట్టము అను మూటిని తగిలించినచో, ఆ బండి ఇతర గృహములవలెనే సౌకర్యముగా నుండును. తగిలించు వసతి లేనిచోట తొట్లలో నీరును, బ్యాటరీలలో శక్తియు ఉన్నంతవరకే కాపురము.

ఈ వాడుక నిన్న మొన్నటిది కాదు. పియర్స్‌ యారో అను మోటారు కంపెనీవారు 1910లోనే పడకయు, చేతులు కడుగు తొట్టియు గల యాత్రాబండిని చేసిరి. 1919లో ఫ్లోరిడా రాష్ట్రమందలి టాంపా పట్టణమున, బండ్లలోనే వసించుచు సంచరించువారు కొందరు కూడి యొక సంఘముగా నేర్పడిరి. వారికి ‘తగరపు డబ్బాల యాత్రికులు’ అని పేరు.

ఇట్లు సంచరించువారిలో ఉద్యోగము చాలించుకొన్న వృద్ధదంపతులు మిక్కిలిమంది. వారి పిల్లలు పెద్దవారై తమ తమ సంసారములలో నుందురు. కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రములలోను చలికాలమున నీరు గడ్డకట్టి గొట్టములు పగులును. గుమ్మము దాటవలెనన్న మంచును పారతో ఎత్తిపోయవలెను. కావున వారు శరదృతువు ముగియగానే దక్షిణమునకు తరలి టెక్సాసు, ఆరిజోనా, ఫ్లోరిడా రాష్ట్రములు చేరి, వసంతమున తిరిగిపోదురు. చలికాలమున మన చెరువులకు ఉత్తరదేశపు బాతులు వచ్చి, ఎండలు ముదరకముందే లేచిపోవుటను మీరు చూచియుందురు. ఆ పోలికచేతనే అక్కడివారు వీరిని ‘మంచుపక్షులు’ అందురు.

2. వారు చేయు సేవ

ఎండలో కుర్చీ వేసికొని నాలుగు నెలలు గడపుట కొందరికి చాలును, కొందరికి చాలదు. నలువది సంవత్సరములు వడ్రంగము, కరెంటు పని, బడిపంతులు పని, నర్సు పని చేసిన చేతులు ఊరకుండజాలవు. అట్టివారు 1988 ప్రాంతమున అమెరికాలో సంఘములుగా నేర్పడిరి. ‘చక్రములమీది సేవకులు’ అని అర్థమిచ్చు పేరుతో నొకటియు, మెథడిస్టు సంఘీయులలో ‘దేశదిమ్మరులు’ అని అర్థమిచ్చు పేరుతో నొకటియు పుట్టెను. బీదలకు ఇండ్లు కట్టు ‘హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ’ అను సంస్థవారు గూడ ఇట్టి బండ్లవారిని పనులకు పిలుచుచుండిరి. ఈ సంస్థయే 1983లో మన పొరుగున నున్న ఖమ్మములో తన భారతదేశపు పనిని మొదలుపెట్టెను.

వీరు బాలల గృహములకును, బడులకును, బీదల శిబిరములకును పోయి పనిచేయుదురు. గృహమువారు బండి నిలుపుటకు చోటిచ్చి, పైన చెప్పిన మూడు గొట్టములు, తీగలు తగిలించుకొననిత్తురు, జీతము లేదు. పెట్రోలు ఖర్చు సయితము సేవకులదే. నెలలో మూడు వారములు, వారమునకు నాలుగు దినములు పనిచేసి, తక్కిన దినములు విశ్రమించుట యొక సంఘపు ఏర్పాటు. పురుషులు పైకప్పులు మరమ్మతు చేయుదురు, గోడలకు రంగు వేయుదురు, కారు కొళాయిలు బిగింతురు. స్త్రీలు దుప్పట్లు కుట్టుదురు, గ్రంథాలయపు పుస్తకములు సర్దుదురు, వంటయింట సాయపడుదురు. నేర్పునుబట్టి ఈ పనులు తారుమారగుటయు గలదు.

ఇందులో మేము ముఖ్యముగా గమనించిన దొకటి గలదు. వీరి పనిలో అధికభాగము ఇంటికి జరుగు పనియే గాని పిల్లలతో జరుగు పని కాదు. పిల్లల నడుమ పనిచేయగోరువారి పూర్వచరిత్రను విచారించిన పిమ్మటనే రానిచ్చుట అక్కడి గృహములలో సాధారణ నియమము. పిల్లలను పెంచువారు వేరు. వారు ఏడాది పొడుగున అక్కడనే యుందురు. వచ్చిపోవు అతిథి ఆ పెంచువారి భుజముమీది బరువు కొంత దించును. వారి స్థానమును మాత్రము ఆక్రమింపడు.

3. మన దేశపు చలికాలపు సంచారము

చలికాలమున బండిమీద ఇల్లు వేసికొని తిరుగుట మన ప్రాంతమునకును క్రొత్త కాదు. నిజాము రాజ్యమున తాలూకాదారులు, తహసీలుదారులు వానలు వెనుకబడి, వాగులు తగ్గి, బాటలు ఆరిన పిమ్మట ‘దౌరా’ బయలుదేరెడివారు. ఎడ్లబండ్లమీద గుడారము, వంటపాత్రలు, కాగితముల పెట్టెలు ముందుగా పోయెడివి. చింతతోపులో గుడారము వేసినచోటనే కచ్చేరి.

మిషను దొరలును దొరసానులును అట్లే సంచరించిరి. రష్యాదేశపు మెన్నోనైటు సంఘమునకు చెందిన అబ్రహాం ఫ్రీజెన్ గారు 1889లో భార్యాసమేతముగా భారతదేశమునకు వచ్చి, అమెరికను బాప్టిస్టు మిషనువారితో కూడి నల్లగొండలో పని ప్రారంభించిరి. ఆ కాలపు మిషను దంపతులకు చలికాలమనగా గుడారపు కాలము. పగలు మందులపెట్టె తెరచుట, సాయంకాలము పల్లెవారితో మాటలాడుట, రెండు మూడు దినములకు గుడారము విప్పి మరియొక యూరికి కదలుట వారి పని. అయితే వారి సంచారమునకు వెనుక నొక నిలుకడ యుండెను. వేసవి వచ్చునప్పటికి తిరిగి స్టేషను చేరెడివారు. మరుసటి చలికాలమున అవే యూళ్లకు పోయెడివారు. పల్లెవారి భాష నేర్చి, వారి బిడ్డల పేర్లెరిగి, ఏండ్ల తరబడి మరల మరల వచ్చుటవలననే వారిమాటకు విలువ గలిగెను.

వీరందరికంటె పూర్వులు మన లంబాడీలు. వేలకొలది ఎద్దులమీద ఉప్పును ధాన్యమును మోయించుచు, సైన్యములకు సయితము గ్రాసము చేర్చుచు దేశమంతయు తిరిగిన జాతి యది. పంతొమ్మిదవ శతాబ్దమున రైళ్లును గట్టి బాటలును వచ్చి వారి వర్తకమును చెరుపగా, దేవరకొండ మొదలగు ప్రాంతములలో తండాలు వేసికొని నిలిచిరి. ఈ జాతి బిడ్డల మాట ముందు మరల వచ్చును.

4. చలికాలమున కదలు మరియొక జంట

ఇంతవరకు మేము చెప్పినవారు తమ యిష్టముచేత కదలినవారు. ఇక ఇష్టము లేక కదలు దంపతుల సంగతి చెప్పవలెను. వీరిని మీరు ఎరుగుదురు. మీలో కొందరి అమ్మానాన్నలే వారై యుండవచ్చును.

మహబూబునగరు జిల్లాకు పాలమూరని పేరు గదా. ‘పాలమూరు కూలీ’ అను మాట దేశమంతట తెలిసినది. వానలు చాలక, చెరువులు నిండక, దసరా దీపావళులు దాటగానే గుంపుమేస్త్రీయొద్ద ముందుగా పైకము తీసికొని, ఆ అప్పు తీరువరకు ఆనకట్టలవద్దను, కాలువలవద్దను, బొంబాయి పూనా పట్టణములలో మేడలు లేచుచోటులను మట్టిపని చేసి, ఉగాదికో తొలకరికో తిరిగి వచ్చుట అనేక గ్రామములలో తరతరముల వాడుకయైనది. తట్ట, పార, బియ్యపు మూట, సత్తుగిన్నెలు, ఒక టార్పాలిను: ఇదియే వారి చక్రములులేని ఇల్లు. ఇట్టివారిని కాపాడుటకై 1979లో పార్లమెంటు అంతర్రాష్ట్ర వలసకూలీల చట్టమును చేసెను గాని, మేస్త్రీ పుస్తకములో వ్రాసిన లెక్కయే కూలికి చట్టమైనచోటులు పెక్కు.

ఈ కదలిక ఒక్క దిక్కుననే లేదు. చలికాలారంభమున ఒరిస్సా పశ్చిమ జిల్లాలగు బలంగీరు, నువాపడాలనుండి దంపతులు బిడ్డలతోకూడ తెలంగాణములోని ఇటుకబట్టీలకు వచ్చుదురు. ఆ బిడ్డలకై బట్టీలయొద్దనే ఒడియాభాషలో బోధించు బడులు కొన్నిచోట్ల నడుపబడినవి. 1963లో పూర్తియైన మూసీ ప్రాజెక్టు నీరు పారు మన పొలములకు గూడ ఇప్పుడు యాసంగి నాట్లకు బీహారు, బెంగాలులనుండి మనుష్యులు వచ్చుచున్నారు. నీరున్న ఊరు మనుష్యులను పిలుచును. నీరులేని ఊరు పంపివేయును.

ఇట్లు పోవు తల్లిదండ్రులకు ముందున్న ప్రశ్న యొక్కటే: బిడ్డ నేమి చేయుట? వెంట తీసికొనిపోయినచో చదువు పోవును. అవ్వయొద్ద విడిచినచో అవ్వకే దిక్కు చాలదు. కావున వసతిగృహమున చేర్తురు. సర్వశిక్షా అభియానము క్రింద మహబూబునగరు జిల్లాలో వలసకాలపు వసతిగృహములు నడుపబడుట ఈ కారణముచేతనే. చలికాలమున రెండు జంటలు ఇల్లు విడుచును. ఒక జంట వెచ్చదనమును వెదకుచు పోవును. మరియొక జంట అన్నమును వెదకుచు పోవును. ఆ మొదటి జంట సేవచేయ వచ్చు గుమ్మములోనే ఈ రెండవ జంటబిడ్డ నిలిచియుండును. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన నుంచి చూడని సేవ సగము కన్ను మూసికొన్న సేవ యని మా యభిప్రాయము.

5. గృహములోని బిడ్డ యెవరు?

బాలల గృహమనగానే చాలమంది ‘అనాథలు’ అను మాట నందురు. ఇది తొందరపాటు. భారతప్రభుత్వమువారు దేశమందలి బాలల సంరక్షణ గృహములను లెక్కించి 2018లో ప్రకటించిన నివేదికలో 9,589 గృహములు తేలినవి. అందలి బిడ్డలలో తల్లియో తండ్రియో బ్రతికియున్నవారు చాలమంది గలరు. ఇతర దేశములలోను పరిశోధకులు ఇదే కనుగొనిరి. బిడ్డను గృహమునకు చేర్చునది చావుకంటె పేదరికమే యెక్కువ.

ఈ తొందరపాటువలన మన ప్రాంతమునకు కలిగిన దుఃఖము చిన్నది కాదు. 1999లోను, మరల 2001లోను, దేవరకొండ మొదలగు ప్రాంతముల లంబాడీ తండాలనుండి పసికందులను దళారులు కొద్దిపాటి డబ్బిచ్చి తీసికొని, హైదరాబాదులోని కొన్ని శిశుగృహములద్వారా విదేశపు దత్తతలకు పంపినట్లు బయటపడెను. ఆ బిడ్డలకు తల్లులు లేకపోలేదు. తల్లుల చేతిలో గింజలు లేకపోయెను. దూరదేశమున దత్తు కోరినవారు మంచిమనసుతోనే కోరియుందురు. అయితే మంచిమనసు విచారణ చేయకున్నచో దళారికి వ్యాపారమగునని ఆ సంగతి తేటపరచెను.

చిన్నబిడ్డకు నిలుకడయైన ఒక్క మనిషి తోడు అన్నమువలెనే యవసరమని జాన్ బౌల్బీ అను ఆంగ్ల మనోవైద్యుడు ప్రపంచ ఆరోగ్యసంస్థకై వ్రాసిన గ్రంథమున 1951లో చూపెను. ముఖములు మాటిమాటికి మారుచోట పెరిగిన బిడ్డ, మొదట అందరి మెడను కౌగిలించుకొనును. తరువాత ఎవ్వరిని నమ్మనేరక పోవును. ఇది పిల్లవాని గుణము కాదు, గాయము. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మహాసభ అనాథగృహములలో యాత్రికులవలె వచ్చి చేయు తాత్కాలిక సేవవలని హానినిగూర్చి దేశములను హెచ్చరించుచు తీర్మానించెను. మన దేశమున 2015 నాటి బాలన్యాయ చట్టము ప్రకారము ప్రతి బాలల గృహమును ప్రభుత్వమువద్ద నమోదు కావలెను. నమోదుకాని గృహము నడుపుట నేరము.

ఇందుచేత గృహములన్నియు చెడ్డవని మేము చెప్పుట లేదు. 1971లో మన నల్లగొండ జిల్లా సర్వేలులో పుట్టిన గురుకుల పాఠశాల ఎందరో పల్లెపిల్లలకు చదువుబాట చూపెను. అక్కడి బిడ్డ చదువుకై ఇల్లు విడిచెను గాని ఇంటిని పోగొట్టుకొనలేదు. సెలవులు రాగానే పెట్టె సర్దుకొని తన యూరికి పోవును. బిడ్డకు ఇంటిబాట తెరచియుంచునదే మంచి గృహము.

6. ఇద్దరు అతిథులు

మేమెరిగిన యొక వసతిగృహమున జరిగిన రెండు సంగతులు చెప్పెదము. ఒక చలికాలమున దూరదేశమునుండి దంపతులు వచ్చి మూడువారము లుండిరి. మంచివారు. ప్రతిరాత్రి కథలు చెప్పిరి, చిన్నవారిని ఒడిలో కూర్చుండబెట్టుకొనిరి. పోవునాడు, తిరిగి వచ్చెదమని యందరితోడను చెప్పిరి. మరుసటి డిసెంబరున మూడవ తరగతి బాలు డొకడు ప్రతి సాయంకాలము గేటుకమ్ములు పట్టుకొని బాటవైపు చూచుచుండుట వార్డెనుగారు కనుగొని, ‘మీ నాయన ఉగాదికి గాని రాడు గదా, నాయనా’ అనిరి. వాడు, ‘నాయనకొరకు కాదండి’ అనెను. వా రెవరికొరకో వార్డెనుగారికి తెలిసెను. ఆ దంపతులు రాలేదు. ఏదో యనారోగ్యము కాబోలు. వారిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. కాని చెప్పిన మాట బాలునియొద్దనే మిగిలిపోయెను.

మరియొక యేట ఉద్యోగము చాలించుకొన్న వడ్రంగి యొకరు భార్యతో వచ్చిరి. బాలికల స్నానపుగదుల తలుపులకు గడియలు లేకుండెను. లోపల నొకతె స్నానము చేయుచుండగా బయట నొకతె తలుపు పట్టుకొని నిలువవలసియుండెను. ఇది సంవత్సరములనుండి ఎవ్వరికిని పట్టలేదు. పండ్లు పంచుటకు వచ్చినవారు స్నానపుగదులు చూడరు గదా. ఆ వడ్రంగి భార్య రెండవ దినముననే దీనిని కనుగొనెను. ఆయన తాను బిగించిన గడియలు రెండే. తక్కిన పదింటిని పదవ తరగతి బాలికలచేతనే బిగింపించి, సుత్తి, తిరుగుమేకుల పట్టు, బరమా అక్కడనే విడిచిపోయెను. ఆయన పేరు నేటి బాలికలలో ననేకులకు తెలియదు. గడియలు మాత్రము పడుచున్నవి. ఊడినప్పుడు బిగించువారును అక్కడనే యున్నారు.

7. మనము నేర్వదగినది

ఇది అమెరికావారికి చెప్పు పాఠము మాత్రమే కాదు. డిసెంబరు జనవరి నెలలలో మన తెలుగువారే అమెరికానుండి సెలవులకు వచ్చి వసతిగృహములు చూడబోవుదురు. మన పట్టణములవారు పుట్టినదినమున కేకు కోసి, పండ్లు పంచి, బిడ్డలను వరుసగా నిలిపి ఫోటో తీయింతురు. వారి మనసు మంచిదే. అయినను ఫోటోలోని బిడ్డకు తన పేదరికము నలుగురిలో చూపబడినదని తెలియును; పది సంవత్సరముల బిడ్డకు ఇది తెలియదనుకొనుట పెద్దల యమాయకత్వము.

కావున గృహములకు పోవువారు ఈ నాలుగు సంగతులను మనసునం దుంచుకొందురు గాక. ఒకటి, గృహము నమోదైనదియో కాదో మొదట అడుగవలెను. రెండు, బిడ్డను ముద్దాడుటకు ముందు నీటిమోటారు, దీపములు, తలుపులు, వంటయింటి పొయ్యి ఎట్లున్నవో వార్డెను నడిగి తెలిసికొనవలెను. మూడు, నిలుపుకొనలేని మాట బిడ్డతో ఆడరాదు. ఆడినచో ఉత్తరముద్వారానైనను నిలుపుకొనవలెను. నాలుగు, బిడ్డ యొక్క తల్లిదండ్రులు ఎక్కడ నున్నారని అడిగి, వారితో ఫోనులో మాటలాడుటకును, పండుగకు బిడ్డ ఇల్లు చేరుటకును కావలసిన సాయము చేయవలెను. బస్సుకూలి పెట్టి ఒక బిడ్డను సంక్రాంతికి ఇంటికి పంపినవాడు వందమందికి మిఠాయి పంచినవానికంటె తక్కువవాడు కాడు.

వీటన్నిటికంటె పెద్దపని యొకటి గలదు; అది ఒక చలికాలములో తీరునది కాదు. ఊరిలో పనియుండినచో తల్లిదండ్రులు ఊరు విడువరు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టపు మొదటి విడతలోనే నల్లగొండ, మహబూబునగరు జిల్లాలను చేర్చుట ఈ భావముతోనే. చెరువులో పూడిక తీయుట, కాలువకు నీరు తెచ్చుట, అప్పు తక్కువ వడ్డీకి దొరకునట్లు చేయుట: ఇవి బాలల సేవవలె కనబడవు గాని, బిడ్డను తల్లియొద్ద నిలుపునవి ఇవియే.

చక్రములమీది ఇంటిలో వచ్చు ఆ వృద్ధదంపతులను మేము గౌరవింతుము. తమ విశ్రాంతిని పరులకై వాడుట సులభము కాదు. వారియొద్ద మనము నేర్వదగినది సంచారము కాదు, ఒడుపు: తనకు వచ్చిన పనిని తనది కాని ఇంటికి చేసి, పనిముట్టును అక్కడివారి చేతిలో పెట్టి, వసంతము రాగానే మెల్లగా బండి కదలించుట. గేటుకమ్ములు పట్టుకొని నిలిచిన బిడ్డ ఎదురుచూడవలసినది మన బండికొరకు కాదు, తన తండ్రికొరకు. ఆయన వచ్చువరకు ఆ గృహమున దీపము వెలుగునట్లును, తలుపు గడియ పడునట్లును చూచుట మన వంతు.

విద్యార్థులకు అభ్యాసము

1. మీ యూరిలో చలికాలమున పనికై వెలుపలికి పోవు కుటుంబములు ఎన్ని? వెలుపలినుండి మీ యూరికి వచ్చువారు ఎవరు? పెద్దల నడిగి వ్రాయుడు.
2. మీ తాతగారి కాలమున దౌరా గుడారము ఏ తోపులో వేసెడివారో కనుగొనుడు.
3. మన వసతిగృహమున మరమ్మతు కావలసిన వస్తువు లైదింటిని వ్రాసి, వానిలో మీ చేతనైన యొకదానిని ఈ నెలలోనే బాగుచేయుడు.
4. మీ తరగతిలో తల్లిదండ్రులు వలసపోయిన తోటివా డుండినచో, పండుగనాడు వానిని మీ యింటికి భోజనమునకు పిలువుడు. ఈ ప్రశ్నకు జవాబు వ్రాయనక్కరలేదు.